మాత్ర లేకుండా బీపీ ఎంత తగ్గుతుంది, ఎలా తగ్గుతుంది, ఎన్నాళ్లు పడుతుంది

"రెండు మూడుసార్లు చూపించుకుంటే 150/95 వచ్చింది. వేరే జబ్బులేమీ లేవు. మాత్రలు మొదలుపెట్టేలోపు అలవాట్లు మార్చుకుని తగ్గించుకోవచ్చా? ఏం చేయాలి, ఎన్నాళ్లు ఆగొచ్చు?" ఇదీ ప్రశ్న.

తగ్గించుకోవచ్చు. షుగరు, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు లేనివారికి ఈ స్థాయిలో సాధారణంగా మూడు నెలల గడువు దొరుకుతుంది. ఆ మూడు నెలలూ శ్రద్ధగా వాడుకుంటే పై అంకె 10 నుంచి 15 దాకా దిగడం చాలామందికి సాధ్యమే. కానీ బీపీ నిలకడగా 160/100 దాటినవారు, పైన చెప్పిన జబ్బుల్లో ఏదైనా ఉన్నవారు మాత్రనూ మార్పులనూ ఒకేసారి మొదలుపెట్టాలి. గర్భిణులు ఇంట్లో ప్రయోగాలు చేయకుండా వెంటనే డాక్టరును కలవాలి. 180/120 దాటి, దాంతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క బలహీనత లాంటివి కనిపిస్తే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అన్నిటికన్నా ముందు మీ బీపీ నిజంగా ఎంతో తేలాలి. ఉప్పు తగ్గించడం, నడవడం ఆ తర్వాతి సంగతి. క్లినిక్‌లో మాత్రమే పెరిగేవారు ఉంటారు, క్లినిక్‌లో బాగుండి ఇంట్లో పెరిగేవారూ ఉంటారు. రెండో రకం ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు. ఇంటి కొలతలకు హద్దు కూడా వేరు: క్లినిక్‌లో 140/90 ఎంతో, ఇంట్లో సగటున 135/85 అంత.

మిషన్ పై చేతికి కట్టేదే తీసుకోండి. మణికట్టు మిషన్లు చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా తప్పు చూపిస్తాయి. పట్టీ సైజు తప్పనిసరిగా చూడాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది, ఒక్కోసారి 10కి పైనే. మోచేతికీ భుజానికీ మధ్యలో చుట్టుకొలత టేపుతో కొలిచి, పట్టీ మీద రాసిన సెంటీమీటర్ల హద్దులో ఉందో లేదో సరిచూడండి. కొలిచే ముందు అరగంటలో కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి గుండెకన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె 7, 8 దాకా పెరిగిపోతుంది. పట్టీ చర్మం మీదే కట్టాలి, చొక్కా మీద కాదు. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, ఫోను చూడకూడదు.

పొద్దున (మాత్రలు వాడేవారైతే వేసుకోకముందు) రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఎడంతో కొలవండి. ఇలా ఏడు రోజులు చేస్తే 28 కొలతలు వస్తాయి. మొదటి రోజువి నాలుగూ తీసేసి మిగతా 24 సగటు కట్టండి. అదే మీ బీపీ. ఒకరోజు 158 వచ్చిందని భయపడటం, మర్నాడు 128 వచ్చిందని సంబరపడటం రెండూ వృథా. మొదటిసారి మాత్రం రెండు చేతులకూ చూడండి. ఆ తర్వాత ఎప్పుడూ ఎక్కువ వచ్చిన చేతికే. రెండిటికీ తేడా మళ్లీ మళ్లీ 10 దాటుతుంటే డాక్టరుకు చెప్పాల్సిన విషయమది. గుండె లయ తప్పి కొట్టుకునేవారికి మిషన్ అంకెలు అంత నమ్మదగినవి కావు.

ఈ వారంలోనే క్రియాటినిన్, పొటాషియం, షుగరు, కొలెస్ట్రాల్, మూత్రంలో ఆల్బుమిన్, ఈసీజీ చేయించండి. మూడు నెలలు ఆగడం క్షేమమో కాదో చెప్పేవి ఇవే.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే 2000 మిల్లీగ్రాముల సోడియం. ఒక టీ స్పూన్‌కు కాస్త తక్కువ. ఇందులో వంటలో వేసేది, పైన చల్లుకునేది, ప్యాకెట్లలో వచ్చేది అన్నీ కలిసే ఉన్నాయి. "మేం ఉప్పు తక్కువే తింటాం" అన్న మాట మీద నేను ఆధారపడను. లెక్క చూస్తే తెలుస్తుంది. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుండి, కిలో ఉప్పు ప్యాకెట్ నెల రోజులకు అయిపోతుంటే, మనిషికి రోజుకు 8 గ్రాములు దాటుతున్నట్టే. కొంత పాత్రల్లో, పారబోసిన నీళ్లలో పోతుందనుకున్నా, బయటి తిండి ఇంకా ఇందులో కలవలేదు.

కాబట్టి కొలిచి వాడండి. వంటకు మనిషికి 3, 3.5 గ్రాముల చొప్పున, నలుగురికి 12 నుంచి 14 గ్రాములు పొద్దున్నే ఒక చిన్న గిన్నెలోకి తీసి పెట్టండి. ఆ రోజు వంటలన్నీ అందులోంచే. మిగిలిన ఒకటిన్నర, రెండు గ్రాములు ప్యాకెట్ పదార్థాల వాటా. భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా ఉండకూడదు. ఒకేసారి సగానికి తగ్గిస్తే తిండి చప్పబడి, రెండు వారాల్లో ఇంట్లో అందరూ విసిగిపోయి మళ్లీ పాత దారికే వస్తారు. వారానికి పదో వంతు చొప్పున తగ్గించుకుంటూ వెళితే నాలుక అలవాటుపడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పాత వంట తింటే ఉప్పు కషాయంలా అనిపిస్తుంది. ఈలోపు నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి, దోరగా వేయించిన గింజల పొడి చప్పదనాన్ని చాలావరకు కప్పేస్తాయి. ఉప్పు ఉడికేటప్పుడు కాకుండా దించే ముందు వేస్తే తక్కువతోనే రుచి తెలుస్తుంది.

ప్యాకెట్ల సంగతి వేరు. అక్కడ ఉప్పు నాలుకకు తెలియకుండా దాక్కుంటుంది. రెండు ముక్కల బ్రెడ్ తింటేనే 200 నుంచి 400 మిల్లీగ్రాముల సోడియం లోపలికి వెళుతుంది, ఉప్పగా అనిపించదు. సాస్‌లు, చీజ్, ఇన్‌స్టంట్ నూడుల్స్, సూప్ పొడులు, నిల్వ చేసిన మాంసం, ఉప్పులో ఊరబెట్టినవి, చిప్స్ అసలు దొంగలు. లేబుల్ మీద సోడియం అని ఉంటే దాన్ని 2.5తో గుణించండి, ఉప్పు ఎంతో వస్తుంది. 100 గ్రాముల పదార్థంలో 120 మిల్లీగ్రాముల సోడియం లోపు ఉంటే తక్కువ, 600 దాటితే ఎక్కువ. "ఒక సర్వింగ్‌కు" అని రాసిన అంకెను నమ్ముకోవద్దు, ఆ సర్వింగ్ మీరు తినే దానిలో మూడో వంతే కావచ్చు. తినే సోడా కూడా సోడియమే: ఒక టీ స్పూన్‌లో 1200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. గులాబీ ఉప్పు, రాతి ఉప్పు, సముద్రపు ఉప్పు ఏదైనా సోడియం దాదాపు ఒకటే. రంగు మార్చుకుని బీపీ తగ్గించుకోలేరు.

ఉప్పు ఎందుకు బీపీ పెంచుతుందో తెలిస్తే తర్వాతి మాట అర్థమవుతుంది. ఒంట్లో సోడియం ఎక్కువైతే దాన్ని పలచన చేయడానికి నీరు నిలుస్తుంది, రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది, నాళాల గోడలు కూడా బిగుసుకుంటాయి. కిడ్నీ ఆ సోడియాన్ని బయటికి పంపాలంటే పొటాషియం సాయపడుతుంది. ఉప్పు తగ్గించి పొటాషియం పెంచితే ఫలితం విడివిడిగా చేసినదానికన్నా బాగుంటుంది. రోజుకు కనీసం 3500 మిల్లీగ్రాముల పొటాషియం తిండి ద్వారా అందాలి. మధ్యస్థమైన అరటిపండులో దాదాపు 420, తొక్కతో ఉడికించిన మధ్యస్థ బంగాళాదుంపలో 500 దాకా, కప్పు ఉడికించిన పప్పుధాన్యాల్లో 500 నుంచి 700, ఉడికిన ఆకుకూరల్లోనూ బాగానే ఉంటుంది. కూరగాయల్ని ముక్కలు కోసి నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కూడా వాటితోనే పోతుంది. ఆవిరి మీద ఉడికించండి, లేదా ఆ నీళ్లు వంటలోనే వాడండి.

కొంత సోడియం బదులు పొటాషియం కలిపిన ఉప్పు కూడా దొరుకుతుంది. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేలమంది మీద చేసిన పెద్ద పరిశీలన ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలు ఉప్పు బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిసిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. మంచి సాధనమే, కానీ అందరికీ కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు, పేరు చివర "ప్రిల్" లేదా "సార్టన్" అని ఉండే బీపీ మాత్రలు వాడేవారు, స్పైరనోలాక్టోన్ వాడేవారు డాక్టరును అడగకుండా ఆ ఉప్పు ముట్టుకోవద్దు. రక్తంలో పొటాషియం పెరిగిపోతే గుండె లయ తప్పవచ్చు, ముందుగా ఏ హెచ్చరికా ఉండకపోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి పైన చెప్పిన పొటాషియం తిండి కూడా ఇదే లెక్క.

మొత్తం భోజనం ఎలా ఉండాలంటే, బీపీ విషయంలో బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి డ్యాష్. 1997లో అచ్చయిన ఆ ప్రయోగంలో ఉప్పు మార్చలేదు, బరువు తగ్గనివ్వలేదు. తినే పదార్థాలు మాత్రమే మార్చారు. అయినా బీపీ ఉన్నవారిలో పై అంకె 11, కింది అంకె 5 పైచిలుకు తగ్గాయి, అదీ రెండు వారాల్లోనే మొదలైంది. రోజుకు 2000 కేలరీలు తినేవారికి ఆ కొలత: కూరగాయలు 4, 5 సార్లు, పండ్లు 4, 5 సార్లు, పొట్టు తీయని ధాన్యాలు 6 నుంచి 8 సార్లు, వెన్న తీసిన పాలు లేదా పెరుగు 2, 3 సార్లు, వారంలో నాలుగైదు సార్లు గుప్పెడు గింజలు. ఒక "సారి" అంటే అరకప్పు ఉడికిన కూర, ఒక మధ్యస్థ పండు, అరకప్పు ఉడికిన ధాన్యం, కప్పు పాలు. చాలామంది తడబడేది ఎక్కడంటే, ఇవన్నీ పాత భోజనానికి అదనంగా చేరుస్తారు. అవి ధాన్యంలో, నూనెలో, తీపిలో కొంత భాగాన్ని తప్పించి ఆ చోట రావాలి. లేకపోతే బరువు పెరిగి, తగ్గాల్సిన బీపీ అక్కడే ఆగిపోతుంది.

బరువు ఎక్కువ ఉన్నవారికి ఒక కిలో తగ్గితే పై అంకె సుమారు 1 తగ్గుతుంది. పన్నెండు వారాల్లో 4 నుంచి 6 కిలోలు ఆశించడం సమంజసం, అంటే వారానికి అరకిలో లోపు. నడుం చుట్టుకొలత కూడా రాసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో, ఊపిరి వదిలాక కొలవాలి. ఎత్తులో సగం లోపు ఉంటే మంచిది.

వ్యాయామం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ "రోజూ నడుస్తున్నాను" అనేవారిలో చాలామంది బీపీకి పనికొచ్చే వేగంతో నడవరు. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అంత వేగం. రోజుకు 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. సైకిలైనా, ఈతైనా సరే. బీపీ ఉన్నవారిలో దీనితో పై అంకె 5 నుంచి 8 తగ్గుతుంది. నడిచిన తర్వాత బీపీ కొన్ని గంటలపాటు కిందికి దిగి ఉంటుంది, అందుకే వారానికి ఒకసారి రెండున్నర గంటలు నడవడంకన్నా పంచుకుని నడవడం మేలు. మూడు నాలుగు వారాలకు ముందు సగటులో మార్పు వెతకొద్దు. మానేస్తే వచ్చిన లాభం కొన్ని వారాల్లో పోతుంది.

కదలకుండా కండరాన్ని బిగించి పట్టే వ్యాయామం చాలామందికి తెలియదు. గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి రెండు నిమిషాలు నిలవాలి. రెండు నిమిషాలు విశ్రాంతి. ఇలా నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. మొత్తం పావుగంట. మొదట మోకాళ్లు కొద్దిగా వంచితే చాలు, రెండు నిమిషాల చివర్లో కష్టమనిపించేంత. చేతి పట్టు పరికరంతోనైతే మీ గరిష్ఠ బలంలో 30 శాతంతో రెండు నిమిషాలు, నిమిషం విరామంతో నాలుగుసార్లు. ఎనిమిది నుంచి పది వారాల్లో ఇది నడకకు దీటుగా, కొన్ని విశ్లేషణల్లో అంతకన్నా బాగా పనిచేసింది. ఒకే ఒక పెద్ద తప్పు ఊపిరి బిగపట్టడం. ఊపిరి ఆపితే ఆ క్షణంలో బీపీ ఎగిసిపోతుంది. పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి ఆగదు. బరువులు ఎత్తేవారికీ ఇదే: ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. 160/100 దాటి అదుపులో లేనివారు, గుండె, రక్తనాళాల జబ్బులున్నవారు డాక్టరు సరేనన్నాకే ఈ బిగింపు వ్యాయామాల జోలికి వెళ్లాలి.

మద్యం తగ్గిస్తే, ఎక్కువ తాగేవారికి బీపీ బాగా తగ్గుతుంది, అసలు మానేస్తే ఇంకా మంచిది. అయితే ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపకూడదు. వణుకు, ఫిట్స్, బీపీ ఎగబాకడం వంటివి వస్తాయి. డాక్టరు పర్యవేక్షణలో మానాలి. సిగరెట్ మానితే రోజువారీ సగటు బీపీ పెద్దగా మారకపోవచ్చు, కానీ గుండెపోటు, పక్షవాతం ప్రమాదం బాగా తగ్గుతుంది. బీపీ అంకె కదల్లేదని మళ్లీ మొదలుపెట్టకండి. కాఫీ మీకు పడుతుందో లేదో మీరే తేల్చుకోవచ్చు: తాగే ముందు కొలవండి, తాగాక 30 నిమిషాలకు, గంటకు కొలవండి. 5 నుంచి 10 పెరిగితే తగ్గించుకోండి.

నిద్ర ఏడు గంటలు. గట్టిగా గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, పగలు కునుకుపాట్లు, పొద్దున్నే తలనొప్పి ఉంటే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించాలి. మామూలుగా నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం దిగాలి. ఊపిరి ఆగుతూ ఉండే నిద్రలో అది దిగదు. ఈ సంగతి తెలియకుండా ఎంత ఉప్పు మానినా బీపీ మొండికేస్తుంది. నిమిషానికి ఆరుసార్లు, నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదులుతూ రోజూ పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీయడం కొద్దిగా ఉపకరిస్తుంది. అయితే అది చేసిన వెంటనే కొలుచుకుని "తగ్గిపోయింది" అనుకోవద్దు, అది ఆ నిమిషపు అంకె.

మందుల డబ్బా కూడా వెతకండి. నొప్పి మాత్రలు (ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, నాప్రోక్సెన్), ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫిడ్రిన్, స్టెరాయిడ్లు, కొన్ని గర్భనిరోధక మాత్రలు బీపీ పెంచుతాయి. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రలు ఒక్కొక్కదాంట్లో 400 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉండొచ్చు. సహజమైనదని రోజూ వాడే అతిమధురం పొటాషియాన్ని తగ్గించి బీపీని పెంచుతుంది. డాక్టరు రాసినవి మీ అంతట మీరు ఆపకండి, బదులుగా ఏముందో అడగండి. బీట్‌రూట్ రసం, వెల్లుల్లి, మందార పూల టీ కాస్త తగ్గిస్తాయనడానికి ఆధారాలున్నాయి, కానీ అవి పక్కవాయిద్యాలు. ఉప్పు, బరువు, నడక మారకుండా వాటి మీద ఆశ పెట్టుకోవడం కాలాన్ని పోగొట్టుకోవడమే.

మూడు నెలలను ఇలా వాడండి. మొదటి వారం కొలతలు, పరీక్షలు మాత్రమే. రెండో వారం నుంచి ఉప్పు గిన్నె, లేబుళ్లు, నొప్పి మాత్రల సంగతి. మూడో వారం నడక, భోజనం మార్పు. ఐదో వారం నుంచి గోడ వ్యాయామం. రోజూ పదిసార్లు కొలుచుకుంటే ఆందోళనే బీపీ పెంచుతుంది. మధ్యలో వారానికి రెండు మూడు రోజులు చాలు. నాలుగు, ఎనిమిది, పన్నెండో వారాల్లో మాత్రం ఏడు రోజుల కొలత పూర్తిగా చేసి సగటు పక్కపక్కన రాయండి. చలికాలంలో బీపీ కాస్త పెరుగుతుందని గుర్తుంచుకోండి. పైన చెప్పిన అంకెలన్నీ కూడేసి 30 తగ్గుతుందని లెక్కేయకండి. ఒకదాని లాభంలో కొంత మరోదాని లాభంలోనే కలిసిపోతుంది.

పన్నెండో వారంలో ఇంటి సగటు 135/85 లోపుంటే ఇదే పద్ధతి కొనసాగించి, నెలకో రెండు నెలలకో ఒక వారం కొలుచుకుంటే చాలు. దానికి పైనే ఉంటే మాత్ర మొదలుపెట్టండి. అది ఓటమి కాదు. ఈ మార్పులు చేసినవారికి తక్కువ మోతాదుతో సరిపోయే అవకాశం ఎక్కువ. 30 ఏళ్లలోపే వచ్చిన బీపీ, ఉన్నట్టుండి ఎగబాకిన బీపీ, పొటాషియం తక్కువగా ఉన్న బీపీ, మూడు మందులకూ లొంగని బీపీ అయితే అడ్రినల్ గ్రంథి, కిడ్నీ రక్తనాళాలు, థైరాయిడ్ చూపించుకోవాలి. అక్కడ లోపం ఉంటే ఉప్పు మానినా అసలు కారణం పోదు.

ఇప్పటికే మాత్ర వాడుతూ ఈ మార్పులు చేసేవారికి ఇంకో జాగ్రత్త ఉంది. బీపీ దిగేకొద్దీ పాత మోతాదు ఎక్కువై, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. ఐదు నిమిషాలు కూర్చుని కొలిచి, నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో కొలవండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతుంటే ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లి మోతాదు తగ్గించమని అడగండి. సొంతంగా ఆపొద్దు. క్లోనిడిన్, "ఓలాల్" అని ముగిసే పేర్ల మాత్రలు హఠాత్తుగా ఆపితే బీపీ గానీ గుండె వేగం గానీ ఎదురుతిరిగి కొడుతుంది. మోతాదు తగ్గించిన తర్వాత నాలుగు వారాలు మళ్లీ మొదటి వారంలాగే పొద్దున రెండు, రాత్రి రెండు కొలతలు రాసుకోండి.